సన్న నడుము గాజు కూజా

తమ్ముడికి,

నీ అక్క దీవించి రాసే సంగతులు. మేం బాగున్నాం అని రాయడం అలవాటు కాబట్టి చెయ్యి అదే రాయబోయింది. నేను బాగానే ఉన్నాను. మీ బావ సంగతి చెప్పడానికే కాగితం ముందేసుకున్నాను.

ఆయన రిటైరై మూడు నెలలయింది. ముప్పై నాలుగేళ్లు రైలు చివరి పెట్టెలో నిలబడి పచ్చజెండా ఊపిన గార్డు. ఇప్పుడు ఊపడానికి ఏమీ లేక నా కుట్టు మిషన్ వెనకాల నిలబడుతున్నారు. చేతులు వెనక్కి కట్టుకుని చూస్తూ ఉంటారు. నేను ఒక అంచు కుట్టి ఆపగానే "ఊఁ" అంటారు. అంటే బండి కదలొచ్చని అర్థం. కోటు కొలతలు ఇవ్వడానికి వచ్చినాయన, ఆ "ఊఁ" తనకేమో అనుకుని కొలతలివ్వకుండానే వెళ్లిపోయాడు.

మొదట్లో రోజూ స్టేషన్‌కి వెళ్లొచ్చేవారు. కొత్తగా వచ్చిన స్టేషన్ మాస్టరు ఈయన్ని ఎరగడు. "ఎవరి కోసం చూస్తున్నారు పెద్దాయనా?" అని అడిగాడట, మర్యాదగానే. ఆ రోజు నుంచి వెళ్లడం మానేశారు. మాట కూడా తగ్గిపోయింది. నిన్న పొద్దున్నించి రాత్రి దాకా లెక్కపెట్టాను. తొమ్మిది మాటలు. అందులో నాలుగు "ఊఁ"లే.

ఒరేయ్, చేతికి పని పెట్టి నోట్లోంచి మాట తెప్పించేది ఏదైనా ఉంటే ఆలోచించు.

ఇట్లు,
సూదిలో దారం ఎక్కక ఉత్తరం రాస్తున్న
అక్క

తా.క. చదరంగం మాత్రం పంపకు. పక్కింటి టీచరమ్మ ఒకటి ఇచ్చింది. ఆయన బంట్లన్నిటినీ ఒకదాని వెనక ఒకటి వరసగా నిలబెట్టి, చివర్న రాజుని పెట్టి, చాలాసేపు చూసి, పెట్టెలో సర్దేశారు.

⁂

అక్కకి,

నమస్కారం. ఈ ఉత్తరంతోపాటు ఒక పార్సిల్ వస్తుంది. మెల్లగా విప్పు, గాజు.

నేనే ఊదాను. పగలంతా ప్రయోగశాలలకి గొట్టాలు ఊదడమే కదా మా కార్ఖానాలో పని, ఇది మాత్రం భోజనాల వేళ మిగిలిన నిప్పు మీద ఊదాను. పైన గరాటు, కింద కుండ, మధ్యలో సన్న నడుము. పట్టుకుంటే చెయ్యి కాలకుండా నడుముకి చెక్క పట్టీ కట్టాను. ఇది కాఫీ చేసుకునే కూజా. కరెంటు అక్కర్లేదు, మీట నొక్కక్కర్లేదు. మనిషి దగ్గర నిలబడి ఓపిగ్గా చూసుకుంటే చాలు. నిలబడడంలో బావని మించినవాళ్లు లేరు కదా.

పద్ధతి రాస్తున్నాను, ఆయనకి చదివి వినిపించు. ముందుగా కాగితాన్ని మరిగిన నీళ్లతో బాగా తడపాలి. ఆ నీళ్లు పారబోసి, బరకగా ఉన్న పొడి నాలుగు చెంచాలు వెయ్యాలి. కాసిన్ని నీళ్లు పోసి, పొడి పొంగి గాలి వదిలేదాకా ఆగాలి. ఆ తరవాత గుండ్రంగా తిరుగుతూ సన్నటి ధారగా పొయ్యాలి. తొందర పనికిరాదు.

ఇట్లు,
నోటితో బతికే నీ తమ్ముడు

తా.క. పక్క పొట్లంలో గుండ్రటి తెల్ల కాగితాలు వంద పెట్టాను. మంచివి. పాడుచెయ్యకు.

⁂

తమ్ముడికి,

చిరంజీవిగా ఉండు. నీ కూజా క్షేమంగా వచ్చింది, ఎక్కడా గీత పడలేదు. నీ ఉత్తరమే చచ్చింది.

ఏం జరిగిందో చెప్తాను. నేను పద్ధతి పైకి చదివాను. "ముందుగా కాగితాన్ని తడపాలి" అనగానే మీ బావ చెయ్యి చాపారు. నా చేతిలో ఉన్న కాగితం నీ ఉత్తరం ఒక్కటే. "ఇంకాస్త చదవనివ్వండి" అన్నాను. "ఆర్డర్లో ముందుగా అని ఉంది" అన్నారు. కూజా మీద పరిచి మరిగే నీళ్లు పోశారు. సిరా అంతా కిందికి దిగి కుండలో నీలం నీళ్లు చేరాయి. అవి పారబోశాం, నువ్వు పారబొయ్యమన్నావు కదా.

అప్పటికి నేను ఒకసారి మొత్తం చదివి ఉండబట్టి మిగతాది గుర్తు తెచ్చుకున్నాం. గుండ్రంగా తిరుగుతూ పొయ్యాలంటే బల్ల గోడకి ఆనుకుని ఉంది, ఎలా తిరగడం? ఇద్దరం కలిసి బల్లని గది మధ్యకి లాగాం. నడుమ కూజా పెట్టి, ఆయన కెటిల్ పట్టుకుని బల్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. వెనకాల నేల తుడిచే గుడ్డతో నేను. ఇంతలో టీచరమ్మ గుమ్మంలోకి వచ్చి, "ఏదైనా పోయిందా, వెతుకుతున్నారా?" అంది. "మధ్యలో ఆగకూడదు, నడుస్తూ మాట్లాడండి" అన్నారు మీ బావ. పాపం, ఆవిడ కూడా మాతోపాటు రెండు చుట్లు తిరిగింది.

పొడి తిన్నగా కుండలోకే దిగింది. ఆ కాఫీ తాగాం అనడానికి లేదు, నమిలాం. కానీ తమ్ముడూ, ఆయన కప్పు కింద పెట్టి ఏమన్నారో తెలుసా? "ఇందులో ఏదో పొరపాటు ఉంది. రేపు మళ్లీ చూద్దాం." ఒక్క గుక్కలో అన్ని మాటలు. వాటిల్లో "రేపు" అన్న మాట ఆయన నోట విని మూడు నెలలైంది.

ఇట్లు,
పళ్ల సందుల్లో పొడితో
అక్క

తా.క. ఆ గుండ్రటి తెల్ల కాగితాలు ఎంత బాగున్నాయో. చాక్ చక్కగా పడుతోంది. కాలర్ల నమూనాలు నలభై కత్తిరించాను. ఇంకో వంద పంపు.

⁂

అక్కా,

దండం పెడుతున్నాను, కాలర్లు ఆపు.

అవి వడకట్టే కాగితాలు. తడపమన్నది వాటిని. ఒక కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పొట్లంలా విప్పి గరాటులో కూర్చోబెట్టాలి. పొడి దాంట్లో వెయ్యాలి. అప్పుడు కిందికి కాఫీ దిగుతుంది, పొడి పైనే ఉంటుంది. తప్పు నాదే, ఏ కాగితమో రాయలేదు.

ఇక తిరగడం. తిరగాల్సింది బావ కాదు, ధార. మనిషి ఒక్కచోట నిలబడి, చెయ్యి మాత్రం గుండ్రంగా తిప్పుతూ పొయ్యాలి. బల్ల గోడకి జరిపెయ్యండి. టీచరమ్మకి నా తరఫున క్షమాపణ చెప్పు.

ఇంకొక్క ముక్క. మొత్తం నాలుగు నిమిషాల్లో దిగాలి. ఎక్కువ పట్టిందంటే పొడి మెత్తగా ఉన్నట్టు, తక్కువ పట్టిందంటే మరీ బరకైనట్టు. ఇది ఒక్కటి చూసుకుంటే చాలని బావకి చెప్పు. ఇంకో వంద కాగితాలు పంపుతున్నాను.

ఇట్లు,
కార్ఖానాలో ఈ కథ చెప్పి అందరి పని చెడగొట్టిన
తమ్ముడు

తా.క. ఈ ఉత్తరం పెన్సిల్‌తో రాశాను. తడిసినా పోదు.

⁂

తమ్ముడికి,

నాలుగు నిమిషాలని ఎవరు రాయమన్నారు నిన్ను? జీవితమంతా టైము చూసుకుని బతికిన రైలు గార్డుకి రాసే మాటేనా అది?

ఆయన పెట్టెలోంచి డ్యూటీ గడియారం తీశారు. ఈల తీశారు. ఒక రిజిస్టరు కుట్టించుకున్నారు, నాచేతే. అందులో నీళ్లు పొయ్యడం మొదలుపెట్టిన టైము, కాఫీ దిగిన టైము, ఆలస్యం, కారణం. మొదటి రోజు యాభై సెకన్లు లేటు. కారణం దగ్గర "ఇంటావిడ పలకరించింది" అని రాసి నాచేత సంతకం పెట్టించారు.

పొడి పొంగుతున్నంతసేపూ ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు, మిషన్ తొక్కకూడదు. నిన్న ఒకావిడ కొత్త జాకెట్టు ఒక చెయ్యి తొడుక్కుని రెండో చెయ్యి గాల్లో పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. కాఫీ దిగగానే ఈల వేస్తారు. ఈల వినగానే టీచరమ్మ తన కప్పు పట్టుకుని వస్తుంది, ఎదురుగా గొడుగులు బాగుచేసేవాడు వస్తాడు, బట్టలివ్వడానికి వచ్చినవాళ్లు ఎలాగూ ఉంటారు. ఒక్కొక్కరికీ పద్ధతంతా మొదటినుంచీ చెప్తారు. ఆ మధ్య మధ్యలో ఉద్యోగం కబుర్లు. ఒకసారి గార్డు పెట్టెలోకి మేక ఎక్కి ఎనిమిది స్టేషన్లు ప్రయాణం చేసిందట, ఆయన దానితో మాట్లాడుతూ వెళ్లారట. ముప్పై ఒక్క ఏళ్ల కాపురంలో ఈ మేక సంగతి నాకు తెలియదు. మాటలు లెక్కపెట్టడం మానేశాను.

కూజా అంటే ప్రాణం. ఎలా కడుగుతారో గానీ నిన్ననే వచ్చినట్టు మెరుస్తోంది. నన్ను ముట్టుకోనివ్వరు.

నేను అడిగింది చేతికి చిన్న పని. నువ్వు ఏకంగా ఒక స్టేషన్ పంపించావు. ఇక్కడ పదకొండు జతల బట్టలు మిగిలిపోయాయి. అయినా సంతోషంగానే ఉంది, అది వేరే సంగతి.

ఇట్లు,
ఈల వేస్తే తప్ప కదలని
అక్క

తా.క. మొన్న సరిగ్గా నాలుగు నిమిషాలకి దిగింది. ఆయన అటూ ఇటూ చూసి కూజాకి సెల్యూట్ కొట్టారు. నేను కర్టెన్ వెనకాల ఉన్నాను.

⁂

తమ్ముడూ,

నీ జవాబు రాకముందే రాస్తున్నాను. ఇది చదివి చించెయ్యి.

కూజా పగిలిపోయింది. నేనే పగలగొట్టాను. మీ బావ పొడి కొనడానికి వెళ్లారు. కూజా కత్తిరింపు బల్ల మీద ఉంది. నా కొలత టేపు దాని నడుముకి చుట్టుకున్న సంగతి చూసుకోలేదు. ఎవరిదో నడుము కొలుద్దామని టేపు లాగాను. ఒక్క చప్పుడు. అంతే, నా చేతిలో టేపు ఉంది, నేల మీద నువ్వు ఊదిన గాజంతా ఉంది.

ముక్కలు ఏరి పీలికల సంచీలో అడుగున దాచాను. ఆయన వచ్చి బల్ల వంక చూశారు. "టీచరమ్మ అడిగి పట్టుకెళ్లింది, బళ్లో పిల్లలకి చూపిస్తుందట" అన్నాను. ఎక్కడినుంచి వచ్చిందో ఆ అబద్ధం. ఆయన నా మొహంలోకి చూసి, "మంచిదే. పిల్లలు చూడాలి" అన్నారు. కింద పడున్న టేపు తీసి మేకుకి తగిలించి, చేతులు కడుక్కోవడానికి వెళ్లారు. అంత తేలిగ్గా నమ్మేశారు. అదే నాకు ఇంకా కష్టంగా ఉంది.

నీకు తీరిక లేకపోయినా అచ్చం అలాంటిదే ఇంకొకటి ఊది టీచరమ్మ చిరునామాకి పంపు. ఆవిడతో మాట్లాడాను, తెచ్చి ఇచ్చినట్టు ఇస్తానంది. మీ బావకి ఒక్క ముక్క తెలియనివ్వకు, గుండె ఆగిపోతుంది. ఆయన మళ్లీ ఆ నిలబడే మనిషైపోతారేమోనని నా భయం.

ఇట్లు,
తప్పు చేసిన
అక్క

తా.క. కూజా లేకపోయినా టైముకి ఈల వేస్తున్నారు. అందరూ కప్పులతో వస్తున్నారు. ఉత్త వేడినీళ్లు పోస్తున్నారు. మొహమాటానికి తాగుతున్నారు. గొడుగులవాడు బాగుందన్నాడు కూడా.

⁂

అక్కకి,

నమస్కారం. నీ ఉత్తరం చించలేదు. దాంతోపాటు అదే రోజు ఇంకో ఉత్తరం వచ్చింది. నీది రెండు పేజీలు, అది ఆరు పేజీలు. రాసింది బావ. నీకు చెప్పొద్దని రాశారు. నువ్వేమో ఆయనకి చెప్పొద్దని రాశావు. మధ్యలో నాకు తిండి సహించడం లేదు, అందుకని చెప్పేస్తున్నాను.

నువ్వు పగలగొట్టింది నేను మొదట పంపిన కూజా కాదు. అది తొమ్మిదో రోజునే పోయింది. బావ ఈల కోసం జేబులో చెయ్యి పెట్టబోతే మోచెయ్యి తగిలిందట. నువ్వు బజారుకి వెళ్లావట. అప్పుడే నాకు రాశారు, "మీ అక్కకి తెలిస్తే గుండె ఆగిపోతుంది, తమ్ముడు ఊదినదని రోజూ చెప్పుకుంటుంది" అని. రెండోది గొడుగులాయన కొట్టు చిరునామాకి పంపాను. నీకు కొత్తగా మెరిసింది అదే.

ఇప్పటి ఉత్తరంలో సంగతి. కెటిల్ తుడవడానికి గుడ్డ కోసం పీలికల సంచీలో చెయ్యి పెడితే ఆయన వేలికి గాజుముక్క గుచ్చుకుందట. పెద్ద గాయం కాదులే. "మీ అక్క అబద్ధం చెప్పేటప్పుడు ఎడమ చెవి పట్టుకుంటుంది. ఆవిడ ఆ చెవి పట్టుకుని బడి, పిల్లలు అంటుంటే నాకు జాలేసింది. ఆవిడని సిగ్గుపడనివ్వకు. ఇంకొకటి ఊది టీచరమ్మ ఇంటికే పంపు, నిజంగానే ఆవిడ తిరిగి ఇచ్చినట్టు ఉంటుంది. నేను ఆవిడతో మాట్లాడాను" అని రాశారు. ఆరో పేజీలో ఇంకో మాట ఉంది, అది కూడా నీకు చెప్పకుండా ఉండలేను. "రిటైరయ్యాక నేను ఎంత ఆలస్యమైనా ఎవరికీ పట్టదనుకున్నాను. ఇప్పుడు అర నిమిషం ఆలస్యమైతే గొడుగులాయన నన్ను తిడుతున్నాడు. హాయిగా ఉంది" అన్నారు.

ఇక మీ ఇద్దరి రహస్యాలు మొయ్యడం నావల్ల కాదు. కూజాలు ఒకే పెట్టెలో పంపుతున్నాను, మీ ఇంటికే. పెట్టె మీద ఇద్దరినీ రాశాను. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని విప్పండి.

ఇట్లు,
ఊది ఊది బుగ్గలు నొప్పెట్టిన
తమ్ముడు

తా.క. పెట్టెలో మూడు కూజాలుంటాయి. నీకొకటి, బావకొకటి. మూడోది టీచరమ్మకి. ఆవిడ నాకు కార్డు రాసింది: "అయ్యా, మీ అక్కగారు నాచేత ఒక అబద్ధం ఒప్పించారు, మీ బావగారు అదే అబద్ధం విడిగా ఒప్పించారు. నిన్న సాయంత్రం ఇద్దరూ కలిసి మా ఇంటికి వచ్చి, పిల్లలకి కూజా నచ్చిందా అని అడిగారు. చాలా నచ్చిందని చెప్పాను. ఇవాళ బడికి వెళ్తే మా హెడ్మాస్టరు, ఆ కూజా ఏదో మాకూ చూపించమని అడిగారు. మీ బావగారు ఆయన్ని దార్లో కలిశారట. నేను లెక్కలు చెప్పుకునే దాన్ని, లేని కూజా ఎక్కడినుంచి తేను? దయచేసి త్వరగా పంపండి."