మూడో నంబరు క్యాపు

అక్కా,

ఫోను చేస్తే బావే ఎత్తుతారని ఇలా రాసి పంపుతున్నాను. రేపటి నుంచి ఆయన్ని షెడ్డుకి రానివ్వకు.

ఇవాళ ఒక లారీ ఇంజనులో క్రాంకు షాఫ్టు కూర్చోబెట్టి మెయిన్ బేరింగులు బిగిస్తున్నారు. వాటిని పైనుంచి పట్టి ఉంచే క్యాపుల మీద నంబర్లుంటాయి, దేని చోట అదే పడాలి. ఒక్కోటీ బిగించగానే క్రాంకును చేత్తో తిప్పి చూడాలని, తిరగకపోతే ఆఖరున బిగించినదాన్నే ముందు విప్పాలని నాకు నేర్పింది ఆయనే. అలాంటి మనిషి మూడో నంబరు క్యాపును రెండో చోట పెట్టి బిగించారు. క్రాంకు పట్టేసింది. విప్పకుండా, పానాకి పైపు తొడిగి బలవంతాన తిప్పబోయారు. నేనే చెయ్యి పట్టుకుని ఆపాను.

విప్పి చూపిస్తే నంబరు వంక చూసి, "ఎవడ్రా దీన్ని బిగించింది?" అన్నారు. పానా ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

"నేనే బావా" అన్నాను.

చెడామడా తిట్టారు. నేను పని నేర్చుకునే రోజుల్లో తిట్టిన తిట్లే. వాటిలో ఒక్కటీ ఆయన మర్చిపోలేదు.

పోయిన వారం నేను లేనప్పుడు ఆయనొక్కరే చేసిన ఇంజను నిండు లోడుతో కొండదారి ఎక్కింది. బోల్టులన్నీ పూర్తిగా బిగించారా అని అడిగితే, "ఏ బండిరా?" అంటున్నారు. ఆ డ్రైవరు పొద్దుటి నుంచీ ఫోను ఎత్తడం లేదు.

షెడ్డుకి ఎందుకు వెళ్లకూడదని బావ నిలదీస్తారు. నీ తమ్ముడు క్యాపు తప్పుగా బిగించి షెడ్డు మూయించాడని చెప్పు. నమ్ముతారు.

నీ తమ్ముడు