బీడీల వాడ, మూడు వార్డులు

హుఫూఫ్, సౌదీ అరేబియా, శుక్రవారం

చిరంజీవి ప్రేమలతకు బాపు దీవించి రాయునది.

నా ఒంట్లో బాగానే ఉంది, నువ్వూ అమ్మా కూడా బాగున్నారని తలుస్తాను. అలవాటు కొద్దీ అట్లా రాశాను గానీ, మూడు రోజులుగా కోపంతో నాకు అన్నం సహించడం లేదు.

సెలవు నుంచి వచ్చిన బాబ్జాన్ నీ ఉత్తరం, అమ్మ పంపిన సకినాలు తెచ్చి ఇచ్చాడు. సకినాలు నుజ్జయినా రుచి పోలేదని అమ్మకు చెప్పు. ఎండలెట్లా ఉన్నాయని అడిగావు. ఖర్జూరాలు పండే కాలం, సెంట్రింగ్ ఇనుము ముట్టుకుంటే అరచేయి చుర్రుమంటుంది. మధ్యాహ్నం పూట పని ఆపుతున్నారు.

అకామా ఏమైందని కూడా అడిగావు. నితాకత్ అని ఇక్కడ సర్కారు ప్రతి కంపెనీకీ ఒక రంగు వేస్తుంది. సౌదీవాళ్ళకు సరిపడా కొలువులు ఇవ్వనిదానికి ఎరుపు. మా కంపెనీ ఎరుపులో పడింది. పైగా మనిషికింత అని కట్టాల్సిన కొత్త పన్ను మా ముదీర్, అదే మేనేజరు, కట్టడు. ఇక్కడ ఉండనిచ్చే కార్డు ఆ అకామానే, దాని గడువు దాటి నాలుగు నెలలు. కూరగాయలకు గేటు దాటాలన్నా భయం. పదహారేళ్ళు వీళ్ళకు స్లాబులు పోసినవాణ్ణి, బజారులో దొంగలా గోడవార నడుస్తున్నాను. వేరే కంపెనీకి మారవచ్చు, తీసుకునేవాడు దొరకాలి.

నువ్వు పంపిన కొత్త వార్డుల నకలు రెండుసార్లు చదివాను. కొత్త పంచాయతీ చట్టం వచ్చిందని వార్డులు మళ్ళీ గీశారట. మా తాతల నాటి నుంచి బీడీల వాడంతా ఒక్కటే వార్డు. ఇప్పుడు వంకర గీతలు గీసి, వేపచెట్టు అవతలి ఇళ్ళు ఒకదాంట్లో, ఇవతలివి ఇంకొకదాంట్లో, చివరి ఆరిళ్ళు వాగవతలి వార్డులో కలిపారు. ఎందుకో నాకు తెలియదా? ఊళ్ళో సారా బంద్ అని పెద్దలు చేసిన కట్టుబాటును మీ ఆడవాళ్ళే కాపాడుతున్నారు. వాడంతా ఒక్కచోట ఓటు వేస్తే సర్పంచ్ గురవయ్య బెల్టుషాపులు తెరవలేడు. అందుకే మిమ్మల్ని మూడు ముక్కలు చేయించాడు. గీసిన చేతులు పడిపోను.

పాత హద్దులు పాతట్లనే ఉంచాలని నువ్వు అర్జీ రాసి, నూట పన్నెండు మంది చేత వేలిముద్రలు వేయించావు. గ్రామసభలో ఆడవాళ్ళు ఒప్పుకోకుండా ఊళ్ళో మందు అమ్మరాదని చట్టంలోనే రాయించమని ఎమ్మెల్యే ఇంటి ముందు పొద్దంతా కూర్చున్నారు. కొత్తదంతా మంచిది కాదు బిడ్డా, పాతదంతా చెడ్డదీ కాదు. మీరు చేసింది న్యాయం.

అంత న్యాయమైన అర్జీని ఒక్క కాగితంతో కొట్టేశారు. నా బిడ్డ పెండ్లయి పోయిన మనిషి, అత్తగారి ఊరే ఆమె ఊరు, ఇక్కడ అర్జీ పెట్టే హక్కు లేదు అని నా పేరుతో ఉన్న కాగితాన్ని గురవయ్య సభలో చదివించాడట. మా బాపు అట్లా రాయడు, అది దొంగ సంతకం అని నువ్వు లేచి అన్నావు. ఠాణాలో ఫిర్యాదు ఇచ్చావు. పదిహేనో తారీఖు విచారణలో ప్రమాణం చేసి చెప్తానని రాశావు. ఆ ఉత్తరం వచ్చినప్పటి నుంచే నాకు అన్నం సహించడం లేదు.

ఫోనులో నీ ముఖం చూస్తూ చెప్పలేకే ఇది రాస్తున్నాను. ఆ సంతకం నాదే.

గురవయ్య మేనల్లుడు నాగేందర్ అల్ ఖోబర్‌లో ఒక కంపెనీకి మనుషులను చూసే పనిలో ఉన్నాడు. నెల కింద కంపెనీ బండి పంపి నన్ను అక్కడి ఆఫీసుకు పిలిపించుకున్నాడు. చాయ్ తెప్పించాడు. నన్ను వాళ్ళ కంపెనీకి మార్చే బదిలీ కాగితాలు తయారుగా ఉన్నాయి.

“కాకా, పెండ్లయినంక ఆడివిల్లది అత్తగారి ఊరే గద. గదే రాసియ్యమంటున్న. అబద్ధమేమన్న రాయమంటున్ననా?” అన్నాడు.

నేను లేచి రావాల్సింది. “మరి బదిలీ ఎన్నడైతది?” అని మాత్రం అడిగాను. సంతకం పెట్టాను.

నీ భర్త తాగి తాగి చచ్చిన పదకొండో రోజున అత్తగారు నీ పెట్టె బయట పెడితే, మన ఇల్లు నీదే, వచ్చేయ్ బిడ్డా అన్నది నేనే. ఆ మాట అన్న నోరే, సంతకం పెట్టినప్పుడు లేవలేదు. నీ ఉత్తరం చదివి ముందు నీ మీదే కోపం వచ్చింది, నా మీద అంత నమ్మకం ఎందుకు పెట్టుకున్నావని. చూశావా, తప్పు చేసినవాడి కోపం ఎక్కడికి పోతుందో.

ఎవరికీ చెప్పకుండా ఊరుకుందామనే అనుకున్నాను. మా గదిలో ఉండే కడప దస్తగిరి నా వాలకం చూసి అడిగితే చెప్పేశాను.

“నువ్వు పెట్టిన సంతకానికి ఆ పాప పోయి అబద్ధపు ప్రమాణం జేస్తాది మొండయ్యన్నా. నీ అకామా పోతే పోనీ. ముందు ఆ పాపకు జెప్పు” అన్నాడు.

నిన్న నాగేందర్‌కు ఫోన్ చేసి, కాగితం వెనక్కి తీసుకుంటున్నానన్నాను. బదిలీ ఇక మరిచిపొమ్మన్నాడు. గురవయ్య ఇంటి ముందు ఎట్లా నడుస్తావో చూస్తానన్నాడు. పదహారేళ్ళలో మొదటిసారి ఒకడిని నోటికొచ్చినట్టు తిట్టాను. తర్వాత లేబర్ ఆఫీసుకు పోయి ఖురూజ్‌కు, అంటే ఇక తిరిగి రాకుండా పోవడానికి, పేరు ఇచ్చాను.

దస్తగిరి రేపు ఇంటికి పోతున్నాడు. హైదరాబాద్‌లో దిగి, కడప బండి ఎక్కకుండా ముందు మన ఊరికి వచ్చి ఈ ఉత్తరం నీ చేతికే ఇస్తానన్నాడు. దీంతో ఇంకో కాగితం ఉంది. ప్రేమలత నా బిడ్డ, ఆరేళ్ళుగా నా ఇంట్లోనే ఉంటోంది, ఆమెది ఈ ఊరే, ముందు కాగితం నేను నా బదిలీ కోసం రాసింది, రాయించినవాడు ఫలానా అని అందులో రాశాను. దస్తగిరి, బాబ్జాన్ సాక్షి సంతకాలు పెట్టారు. విచారణలో అందరి ముందు చదివించు. నా పరువు గురించి చూడకు.

దొంగ సంతకమని ఇచ్చిన ఫిర్యాదు మాత్రం అందిన రోజే వెనక్కి తీసుకో. నా కోసం నువ్వు అబద్ధం ఆడవద్దు. అమ్మకు నువ్వే చెప్పు, నాకు చేతకాదు.

క్షమించమని అడగను. ఖురూజ్ పదిహేను లోపల వస్తే ఇంటికి రాను, తిన్నగా విచారణ దగ్గరికే వస్తాను. నువ్వు నా వైపు చూడనక్కర్లేదు. నీ వెనక బీడీల వాడ ఆడవాళ్ళు నిలబడతారు కదా, వాళ్ళందరి వెనక నిలబడతాను.

ఇట్లు,
నీ బాపు
మొండయ్య