గ్యాప్ అంటే సందు కాదు

12 జూలై 1981, ఆదివారం. వర్జీనియా కొండల్లో, టెంట్‌లో.

మ్యాప్‌లో 'గ్యాప్' అన్న పేరు చూసి, కొండల మధ్య సందు కాబోలు, సైకిళ్ల మీద హాయిగా దూరిపోవచ్చనుకున్నాను. సుజాతకీ అదే చెప్పి బయల్దేరదీశాను. తీరా వెళ్తే అది కొండ నెత్తిమీద ఉంది. నాలుగు గంటలు సైకిళ్లు తోసుకుంటూ ఎక్కాం. పైన కొట్లో ముసలాయన నవ్వాడు. ఇక్కడ గ్యాప్ అంటే కొండ దాటే చోటట, ఎక్కి తీరాల్సిందేనట.

దిగేసరికి సుజాత మోకాలు బూరెలా పొంగింది.

"రేపు కూడా గ్యాప్ ఉందా అండీ? ఉంటే ఇప్పుడే చెప్పండి, నావల్ల కాదు," అంది.

"లేదులే, పడుకో," అన్నాను.

ఇంకా రెండున్నాయి. వెనక్కి పోదామన్నా ఇవాళ్టిదే మళ్లీ ఎక్కాలి. ఈ దారిన బస్సు కూడా లేదు. ఆ మోకాలితో ఎలా...

మ్యాప్ మడిచి నా పక్క కింద దాచాను. దేవుడా, తెల్లారకపోతే బాగుండు.