పదకొండో మైకు

మార్చి 3, సోమవారం

గేమ్ పేరు బయట చెప్పకూడదట. చెప్పడానికేముంది, అందులో అందరూ అందర్నీ నరుక్కుంటారు. నలభై ఒక్క ముక్కల మ్యూజిక్, వాటిలో ముప్పై యుద్ధాలే. వాయించేవాళ్లు అరవై రెండు మంది. రెండు వారాల్లో అయిపోవాలి.

నేను అద్దం ఇవతల, రికార్డింగ్ ఇంజనీర్ని. అద్దం అవతల హాల్లో, ఎత్తు పెట్టె మీద నిలబడి చేతులూపేది మా బావ, కండక్టర్. సెకండ్ వయొలిన్లలో ఆఖరి కుర్చీ మా అక్కది. అక్క తల మీద వేలాడేది పదకొండో మైకు. సంసారమంతా ఇక్కడే ఉంది, పొయ్యి ఒక్కటే తక్కువ.

ఈ పని నాకు నేర్పింది బావే. మొదటి రోజే రూలు పెట్టాడు. పొద్దున రికార్డు నొక్కితే సాయంత్రం దాకా ఆపకూడదు, బ్రేకులో కూడా. అసలైన సౌండ్ ఎప్పుడు పడుతుందో ఎవడికి తెలుసంటాడు. ఆరేళ్లయింది, ఒక్కరోజూ ఆపలేదు.

మార్చి 4, మంగళవారం

ఒకే ముక్క పదిహేడు టేకులు. అందరి చెవుల్లో హెడ్‌ఫోన్లు, వాటిలో టిక్ టిక్ మని క్లిక్. దాన్ని పట్టుకునే వాయిస్తారు. ఆ క్లిక్ పంపేది నేను. పదిహేడో టేకులో అక్క అర క్లిక్ ముందు పడింది.  బావ తాళం చూపించే పుల్లని కాగితాల స్టాండుకేసి కొట్టి విరిచాడు. ముక్క ఎగిరి ఫ్లూట్ అమ్మాయి చెంప గీరుకుపోయింది. బావ నవ్వాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, సిగ్గులేక.

మార్చి 5, బుధవారం, 11.40

రాస్తున్నాను, లేకపోతే ఈ చేతులు ఇంకేదైనా చేస్తాయి.

టీ బ్రేక్. అందరూ బయటికెళ్లారు. బావ అక్కని ఉండమన్నాడు. ఆఖరి కుర్చీ దగ్గర చెక్క తెర అడ్డం, నాకు కనపడదు. హెడ్‌ఫోన్లు నా చెవులకే ఉన్నాయి. ముందు బావ గొంతు. అరవై మంది ముందు నా పరువు తీస్తావా, నీకు చెవులెందుకే, అని.  తర్వాత ఒకటి. అక్క వద్దండీ అంది. రెండు. ఊపిరి లోపలికి పీల్చిన చప్పుడు. మూడు.

పరిగెత్తాను. నేను తలుపు తీసేసరికి అక్క వంగి జడ సర్దుకుంటోంది. బావ మ్యూజిక్ రాసిన కాగితాలు తిప్పుతున్నాడు. ఏమైందన్నాను. స్టాండు పడిందే అంది అక్క. స్టాండులన్నీ నిటారుగా నిలబడే ఉన్నాయి. మరదలికి టీ వద్దా అని బావ నవ్వుతూ అడిగాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. టీ తాగాను.

మార్చి 5, సాయంత్రం

చేతులు కడుక్కునే చోట అక్క నా మణికట్టు పట్టుకుంది. అది రికార్డయిందా అంది. అయిందన్నాను. చెరిపెయ్యి, నీకు పుణ్యం ఉంటుందంది. ఈ పని ఒత్తిడికి ఆయన అలా అవుతున్నారు గానీ ఎప్పుడూ అలాంటి మనిషి కాదట. ఎప్పుడూ అంటే ఎన్నేళ్ల నుంచి అని అడిగాను.  ఎడం చెవి మీదకి జుట్టు దించుకుంది. ఆ చెవిలో ఇంకా గుయ్యిమంటోందట.

మార్చి 6, గురువారం

చెరిపేశానని చెప్పాను. చెరపలేదు.

మార్చి 7, శుక్రవారం

చచ్చాను. నిజంగా చచ్చాను.

రోజూ సాయంత్రం ఆ రోజు ఫోల్డరు గేమ్ కంపెనీకి పంపడం నా పని. పంపేముందు బ్రేకులు కోసేస్తాను. బుధవారం ఆ చోటు మళ్లీ చూడలేక కోయకుండానే పంపేశాను. అక్కడ దెబ్బల శబ్దాలు చేసే ఒకాయన ఉన్నాడు. మేం దెబ్బల మాస్టారంటాం. పుచ్చకాయల్ని కర్రతో బాది తలలు పగిలినట్టు వినిపిస్తాడు, క్యారెట్లు విరిచి ఎముకలంటాడు. పాపం మెత్తని మనిషి, చీమకి కూడా దారిస్తాడు.

ఆయన పొద్దున్నే ఫోన్ చేసి ఎగిరి గంతేస్తున్నాడు. పదకొండో మైకులో మూడు దెబ్బలు దొరికాయట. ముందూ వెనకా వినలేదట, స్క్రీన్ మీద గీత పైకి లేచిన చోట మాత్రం కోసుకున్నాడట. ఇరవై ఏళ్లుగా కొడుతున్నా, ఇంత నిజంగా ఎప్పుడూ రాలేదమ్మా, ఏంటది అన్నాడు.

స్టాండు పడిందన్నాను.

నా నోటితోనే అన్నాను. వెంటనే ఫోన్ పెట్టేశాడు, ట్రైలర్‌కి పెట్టాలి, టైం లేదంటూ.

మార్చి 10, సోమవారం

వాయించేవాళ్లకి ఊపు రావాలని హాల్లో తెర కట్టి ట్రైలర్ వేశారు. మంటలు, గుర్రాలు, మన మ్యూజిక్. చివర్లో మ్యూజిక్ ఆగిపోతుంది. హీరో కిందపడ్డవాణ్ణి మూడు గుద్దులు గుద్దుతాడు. ఆ చప్పుడు మా అక్క.

ఈలలు. చప్పట్లు. బావ ఆ దెబ్బలు మళ్లీ వెయ్యమన్నాడు. మళ్లీ వేశారు. డ్రమ్ములు వాయించే పెద్దాయన్ని అందరం డ్రమ్ము బాబాయంటాం, బావ ఆయన వైపు తిరిగి, దెబ్బంటే అదీ, వినబడిందా, మీరు కొడుతుంటే పరుపు దులుపుతున్నట్టుంది అన్నాడు. బాబాయి ఆరడుగుల మనిషి. తల వంచుకుని, అలాగే సార్ అన్నాడు.

బావకి గుర్తు రాలేదు. ఒట్టు, మొహం చూస్తూనే ఉన్నాను. కొట్టినవాడికి తన చప్పుడే తెలియలేదు. అక్కకి తెలిసింది. మూడో దెబ్బకి చెయ్యి చెవి మీదకి వెళ్లిపోయింది. తర్వాత మెల్లగా అద్దం వైపు తిరిగి నన్ను చూసింది. తల ఎత్తలేకపోయాను.

మార్చి 11, మంగళవారం

అక్క ఎడమ చేతికి రెండు వేళ్లు విరిగాయి. తీగల మీద నడిచే చెయ్యి. ఆరేళ్ల వయసు నుంచి దానికి అన్నం కన్నా ముందు సాధన పెట్టింది.

నిన్న కార్లో, ఆ దెబ్బ ఎక్కడిదో గుర్తుపట్టారా అని అడిగిందట. అంతే అడిగిందట. ఇంటి ముందు దిగుతుంటే వేళ్ల మీద కారు తలుపు వేశాడు. మళ్లీ తీసి మళ్లీ వేశాడు. డాక్టర్‌తో, మా ఆవిడకి కొంచెం కంగారెక్కువ అని చెప్పాడట.

పొద్దున పదింటికల్లా ఆఖరి కుర్చీలో ఇంకెవర్నో కూర్చోబెట్టి మొదలెట్టాడు. వయొలిన్లు ఇవాళ బాగున్నాయన్నాడు. ఇనప మైకు స్టాండు ఒకటి ఊడబీకి హాలు వైపు నడిచాను. బుర్ర చీల్చెయ్యాలని, దాచేదేముంది. నడవాలో అక్క కట్టు కట్టిన చెయ్యి అడ్డం పెట్టింది. దాన్ని తోసెయ్యలేక ఆగాను. అసలు చెరిపావా అని అడిగింది. లేదన్నాను. ట్రైలర్ దాకా నా వల్లే వెళ్లిందని కూడా చెప్పాను. తిడుతుందనుకున్నాను. కొట్టినా పడేదాన్ని. ఎంతసేపు ఉంది అంది. నిమిషం నలభై సెకన్లు. పెట్టమంది, ఫోన్లో పెట్టాను. అక్కడే నిలబడి మొత్తం వింది. తర్వాత, మనిద్దరం వింటే చాలదే అంది.

మార్చి 13, గురువారం

ఆఖరి ముక్క. రాజు చచ్చే యుద్ధం.

తలుపు గడియ పెట్టాను. అక్క నా పక్కన స్టూలు మీద కూర్చుంది. బావ అద్దంలోంచి చూశాడు, కనుబొమలెగరేశాడు. హాల్లోకి మాట్లాడే మైకు నొక్కి, అక్క వినడానికొచ్చింది బావా అన్నాను. అబద్ధం కాదు.

ఎనిమిది క్లిక్కులు ఇచ్చాను. బావ చేతులెత్తాడు. విల్లులన్నీ తీగల మీదకొచ్చాయి. తొమ్మిదో క్లిక్ బదులు అక్క కుడిచేతి వేలు బటన్ నొక్కింది.

అరవై రెండు జతల చెవుల్లో బావ గొంతు. పరువు. చెవులెందుకే. తర్వాత ఒకటి. వద్దండీ. రెండు. ఊపిరి. మూడు. ట్రైలర్‌కి ఈలలేసిన వాళ్లకి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ఒక్క విల్లు కదల్లేదు. ఫ్లూట్ అమ్మాయి చెంప తడుముకుంటోంది. బావ హెడ్‌ఫోన్లు పీకి నేలకేసి కొట్టాడు. మిగతా వాళ్లెవరూ తియ్యలేదు. ఆఖరి దాకా విన్నారు.

స్టాండుల్ని తన్నుకుంటూ వచ్చాడు. తలుపు తెరుచుకోలేదు. ఇనప స్టాండు ఎత్తి అద్దాన్ని బాదాడు. మందపాటి అద్దం, అయినా బీటలు వారింది. అక్క కదల్లేదు, నేనే బల్ల కింద దూరబోయాను. రెండోసారి ఎత్తేసరికి డ్రమ్ము బాబాయి వెనక నుంచి పట్టుకున్నాడు. బావ తిరిగి అదే ఇనుముతో బాబాయి నుదురు పగలగొట్టాడు. రక్తం కళ్లలోకి కారుతోంది. బాబాయి తుడుచుకుని ఒక్కటి ఇచ్చాడు. ఒక్కటే. బావ డ్రమ్ముల పక్కన ఇత్తడి తాళాల మీద పడ్డాడు, హాలంతా ఖంగుమంది. పన్ను ఒకటి పెట్టె దాకా దొర్లింది.

నాకు సంతోషమేసింది. రాయకపోతే ఎలా, వేసింది.

రికార్డు మాత్రం ఆపలేదు. రూలు రూలే.

మార్చి 14, శుక్రవారం

పోలీసులు ఫైలు అడిగారు. ఏదని అడిగాను. ఐదో తారీఖుది, నిన్నటిది, రెండూ ఇచ్చాను, బ్రేకులు కోయకుండా. దెబ్బల మాస్టారికి ఫోన్ చేసి నిజం చెప్పాను.  ఆ దెబ్బని నేను రోజుకి వందసార్లు వింటున్నానమ్మా అని ఏడ్చాడు. అక్క మా ఇంట్లోనే ఉంది. ఉంగరం వేలు బాగవుతుందట. చిటికెన వేలు సంగతి చెప్పలేమన్నారు.

ఏప్రిల్ 2, బుధవారం

కొత్త ట్రైలర్ వచ్చింది. ఆ చోట ఇప్పుడు పుచ్చకాయ. తేడా ఏమీ లేదని కింద కామెంట్లలో అందరూ రాస్తున్నారు.

అక్క మూడుసార్లు వింది. ఇది నేను కాదంది. అన్నం పెట్టమంది.