హారతి పళ్లెం కింద పెట్టిన పిల్ల

నాందేడ్, వజీరాబాద్
12-6-1974

ప్రియమైన యమునకు,

ఈ కాగితాల కట్ట చూసి గాబరా పడకు. కథ రాశాను. మాటలు తెలుగే, అక్షరాలు మాత్రం మరాఠీవి. ధర్మాబాద్ బడిలో మనకు నేర్పినవి అవే కదా. నిజామాబాద్ కోడలివయ్యాక నువ్వు తెలుగు రాయడం నేర్చావు. దీన్ని తెలుగు అక్షరాల్లోకి దించి హైదరాబాద్ పత్రికకు పంపు. దీపావళి సంచికకు కొత్తవాళ్ల కథలు అడుగుతున్నారని మా ఇంటి దగ్గరి రైల్వే క్వార్టర్లలో ఉండే తెనాలి ఆవిడ చెప్పింది.

కథ ఇంతే. దీపావళి సెలవులకు ఒక ఇంటికి వచ్చిన కుర్రాడికీ, ఆ ఇంటి పిల్లకూ మనసు కలుస్తుంది. పెద్దవాళ్లు పసిగడతారు. భావుబీజ్ నాడు, అన్నలకు చెల్లెళ్లు హారతిచ్చే ఆ పండగ నాడు, పిల్ల చేతికి హారతి పళ్లెమిచ్చి, "అన్నకు హారతియ్యి బిడ్డా" అంటారు. ఇచ్చిందా, ఇక జన్మంతా అతడు అన్నే. పిల్ల పళ్లెం కింద పెట్టి అతడి వెంట నడుస్తుంది.

కింద నా పేరు తప్పకుండా రాయి. పెళ్లయి పదకొండేళ్లు. బట్టల దుకాణంలో నేను సావుకారి భార్యను, అత్తకు "ఓ పిల్లా"ను. సుమంగళా అని పిలిచే దిక్కు లేదు. ఒక్కసారి ఆ పేరు అచ్చులో చూసుకుంటే చాలు, తర్వాత చచ్చినా బాధ లేదు.

నీ సుమంగళ

*

నిజామాబాద్
20-8-1974

ప్రియమైన సుమా,

ఆలస్యానికి కోపగించకు. మా ఆయన బడికి పోయాక రోజుకో పేజీ రాశాను. హారతి దగ్గరికి వచ్చాక నాలుగు రోజులు కలం కదల్లేదు. నీకు ఇదే రాయాలని ఎట్లా అనిపించిందే?

ఒక పత్రిక తిప్పి పంపింది. రెండోది వేసుకుంటామంది. కానీ కథ తన సొంతమేనని రచయిత్రి హామీ పత్రం రాసి, సంతకం పెట్టి ఎనిమిది రోజుల్లో పంపాలట. కథ దస్తూరీ, హామీ దస్తూరీ ఒకటే ఉండాలట. కథ దస్తూరీ నాది, నీకేమో తెలుగు రాయడం రాదు. ఏదో ఒకటి చేస్తాను. మరీ ఆశ పెట్టుకోకు.

నీ యమున

*

నాందేడ్
7-11-1974

యమునా,

ప్రియమైన అని రాయడానికి చేయి రావడం లేదు.

తెనాలి ఆవిడ సంచిక తెప్పించింది. తెలుగులో నాకు వచ్చినవి నాలుగే అక్షరాలు, నా పేరువి. అవీ నువ్వు నేర్పినవే. ఆ నాలుగింటి కోసం పేజీ పేజీ వెతికాను. ఎక్కడా లేవు. చివరికి ఆవిడనే చదవమన్నాను. కథంతా చదివి కళ్లు తుడుచుకుని, "ఎవరండీ ఈ యమునాబాయి, ఎంత బాగా రాసిందీ" అంది. నాదేనని చెప్పలేకపోయాను. తెలుగు చదవడమే రానిదాన్ని, రాశానంటే ఎవరు నమ్ముతారు?

అత్తకు చెప్పి చూశాను. "రాసిన అంటవ్, పేరేమో ఇంకొగలది. పిచ్చి గిట్ల లేసిందా ఏంది?" అంది.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి. నాకున్నది నువ్వొక్కదానివే, నువ్వే నా నోరు కొట్టావు. ఇక కథా రాయను, ఉత్తరమూ రాయను.

సుమంగళ

*

నిజామాబాద్
9-12-1974

ప్రియమైన సుమా,

చింపితే చింపు, ఒక్కసారి చదివి చింపు. నేను చేసింది దొంగతనమే.

కథలో పిల్ల ఎవరో నీకు తెలుసు. దీపావళి సెలవులకు బాబ్లీలో మా పుట్టింటికి మారోతి వచ్చిన సంగతి, మా మనసులు కలిసిన సంగతి నీకొక్కదానికే చెప్పాను, అదీ ఒట్టు వేయించుకుని. నువ్వు పేర్లు మార్చి, మిగతాదంతా ఉన్నదున్నట్టు పెట్టావు, అతడి మోచేతి దగ్గర చిరిగిన స్వెట్టరుతో సహా. నన్ను ఒక్క మాట అడగలేదు.

నీ కథలో పిల్ల పళ్లెం కింద పెట్టింది. నేను పెట్టలేదే. అమ్మ ఇయ్యమంది, ఇచ్చాను. అతడు తల దించుకుని బొట్టు పెట్టించుకుని, ఆ సాయంత్రం బండికే వెళ్లిపోయాడు. పన్నెండేళ్ల తర్వాత నీ కథ దించుతూ నా చేత్తో ఆ పళ్లెం కింద పెట్టాను. హామీ పత్రంలో నీ పేరే రాద్దామని కూర్చున్నాను. తీరా నాది అని రాసి, నా పేరు పెట్టి, అప్పుడే పోస్టులో వేసి వచ్చాను.

బడిలో తోటి పంతుళ్లు మా ఆయనకు పత్రిక చూపించారు. ఇంటికొచ్చి, "గా పిలగాడు ఎవడు?" అన్నాడు. కథ నాది కాదు, సుమంగళది అని నీ మరాఠీ కాగితాలు ముందు పెట్టాను. మరాఠీ వచ్చినవాళ్లతో చదివించుకుని, ఆయనే పత్రికకు ఉత్తరం రాశాడు. వచ్చే నెల సవరణ వేస్తారు. నీ పేరు అచ్చులో చూసుకుంటావు.

ఉత్తరం పోస్టు చేసి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. "కథ దానిదైతే, నాదని నువ్వెందుకు రాసినవ్?" అన్నాడు.

ఒక్క అబద్ధమాడితే బతికిపోయేదాన్ని. ఆడలేకపోయాను సుమా, కథలో పిల్లను నేనేనని ఆయనకు తెలిసిపోయింది. తిట్టలేదు, కొట్టలేదు, లేచి అవతలికి వెళ్లాడు. పదిహేను రోజులుగా తన అన్నం తానే వండుకుంటున్నాడు.

నీ యమున