తిరగేసి పట్టుకున్న విమానం

బాబాయ్,

రిమోట్ విమానాన్ని తలకిందులుగా పట్టుకున్నానని ఇంట్లో ఒకటే నవ్వు. "పట్టుకోవడమే రాదు, ఎగరేస్తుందట!" అని అన్నయ్య నీకు ఫోన్ చేసి మరీ చెప్పాడట. నువ్వు నేర్పించిన మొదటి విమానానికి రెక్క పైన ఉండేది కాబట్టి, బరువు సరిచూడ్డానికి మామూలుగానే రెక్క కింద వేళ్లు పెట్టి నిలబెట్టేదాన్ని. ఈ రెండోదానికి రెక్క కింద ఉంది. తిరగేస్తేనే బరువు ఎటుందో సరిగ్గా తెలుస్తుంది. తోక వాలింది. బ్యాటరీని బొటనవేలంత ముందుకు జరిపాక కుదురుగా నిలిచింది.

"ఇంకో ఏడాది పాతదే ఎగరెయ్యమ్మా. ఇది కూలిందంటే ఇక ఈ పిచ్చి కట్టిపెట్టాల్సిందే" అన్నారు నాన్న. ఆ షరతుకి ఒప్పుకున్నాను. రిమోట్ మీంచి చెయ్యి తీసేసినా పాతది దానంతట అదే సర్దుకుంటుంది, దాంతో నాకు నేర్చుకోవడానికేం మిగల్లేదు.

ఆదివారం పొద్దున మైదానంలో కొత్తదాన్నే ఎగరేస్తున్నాను. చూడ్డానికి రా. రిమోట్ మాత్రం నీ చేతికివ్వను.