రాతిపొడి అనే పేరు నాది

నా పేరుతో నువ్వు అబద్ధం రాశావు, వేణుగోపాలన్నా.

మంగళవారం నీ నెట్ సెంటరులో ఆ తెలుగు చర్చల సైటు మూయడం మరిచి లేచి వచ్చాను. అక్కడ నా పేరు 'రాతిపొడి'. మా బండల పాలిష్ ఫ్యాక్టరీ దుమ్ముకు, నాతో పనిచేసే ఓబుళేశన్న రక్తం కక్కుతున్నాడని రాసింది నేనేనని నీకు ముందే తెలుసు. నేను లేచాక కీబోర్డు మీది తెల్లపొడి తుడిచేది నువ్వే కదా. "ఏమప్పా, బండలన్నీ ఈడికే మోసుకొస్తాండావే" అని నవ్వేవాడివి.

మా ఓనరు నీ బావ. ఆయన కోసం "నేను రాసిందంతా కట్టుకథ, క్షమించండి" అని రాసి, పాస్‌వర్డు కూడా మార్చేశావు.

ఆ సైటులో ఎవరి కొడుకువని, ఏం చదివావని ఎవరూ అడగరు. ఏడో తరగతితో బడి మానేసిన నన్ను 'గారూ' అన్నారు. ముఖం కూడా తెలియని డాక్టరొకాయన, ఓబుళేశన్నను తీసుకురండి, పైసా తీసుకోకుండా చూస్తానన్నాడు. నీ రాత చదివి, "జబ్బుతో ఆటలా?" అని జవాబులు ఆపేశాడు. ఓబుళేశన్న మాత్రం ప్రయాణానికి సంచి సర్దుకుని కూర్చున్నాడు.

ఆదివారం సాయంత్రంలోగా అక్కడ నిజం రాసి, పాస్‌వర్డు నాకివ్వు. లేదంటే సోమవారం నా అసలు పేరు, మా నాయన పేరు, ఊరు పెట్టి, కొత్త ఖాతా తెరిచి నేనే రాస్తాను. పని పోతే పోనీ. నీ పేరు కూడా రాస్తాను.